బిల్లు ఎక్కడిదాకా వచ్చింది? ట్రాకర్ పేజీల్లో కనిపించేదీ, కనిపించనిదీ

2024 జూలై మూడో వారంలో బెంగళూరులో పనిచేసే తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో ఒకటే గోల. ప్రైవేటు ఉద్యోగాల్లో స్థానికులకు కోటా పెట్టే బిల్లుకు జూలై 15న కర్ణాటక మంత్రివర్గం ఆమోదం తెలిపిందని వార్త. మేనేజ్‌మెంట్ పోస్టుల్లో సగం, మిగతా పోస్టుల్లో 70 శాతమని ఒకరు, 75 శాతమని మరొకరు. మర్నాడు ముఖ్యమంత్రి సిద్ధరామయ్య సి, డి గ్రేడు ఉద్యోగాలు నూటికి నూరు శాతం కన్నడిగులకేనని ఎక్స్‌లో పోస్టు పెట్టి, తర్వాత తీసేశారు. ఆ గోలలో కడప నుంచి వచ్చిన ఒక తమ్ముడు పార్లమెంటు బిల్లుల సైటూ, కర్ణాటక శాసనసభ సైటూ రెండూ గాలించి అడిగాడు: “అన్నా, ఎక్కడా లేదే. ఫేక్ న్యూసా?”

ఫేక్ కాదు. అయినా సైట్లలో లేదు. రెండూ నిజమే. ఎందుకలాగో అర్థమైతే బిల్లుల పురోగతి చూపించే ఆన్‌లైన్ సర్వీసులు, అంటే ట్రాకర్లు, సగం అర్థమైనట్టే. అవి చెప్పేదాంట్లో అబద్ధం ఉండదు. కాకపోతే బిల్లు జీవితంలో మధ్య భాగాన్నే అవి బాగా చూపిస్తాయి. జనానికి టెన్షన్ పుట్టేది ఎక్కువగా ఆ ముందో, ఆ తర్వాతో.

ముందు మాటలు తేల్చుకుందాం

చట్టం చేయడానికి సభ ముందు పెట్టిన ప్రతిపాదనే బిల్లు. అంతకుముందు దశలో ఉన్నది ముసాయిదా. శాఖ రాస్తుంది, న్యాయశాఖ చూస్తుంది, మంత్రివర్గం సరేనంటుంది. అప్పటికీ అది ప్రభుత్వం లోపలి కాగితమే. సభలో ప్రవేశపెట్టిన రోజున దానికి నంబరు పడుతుంది, పాఠం అందరికీ అందుబాటులోకి వస్తుంది. ఆ పైన చర్చ, కావాలంటే కమిటీకి పంపడం, క్లాజుల వారీగా ఓటింగు, ఆమోదం. కేంద్రంలో రెండో సభ కూడా దాటాలి. కర్ణాటకలోనూ శాసనసభ, శాసనమండలి రెండూ ఉన్నాయి. తర్వాత రాష్ట్రపతి లేదా గవర్నరు సంతకం. అది పడితే చట్టం. గెజిట్‌లో అచ్చవుతుంది.

ఇక్కడితో అయిపోయిందనుకుంటాం గానీ ఇంకో రెండు మెట్లున్నాయి. చట్టం ఏ తేదీ నుంచి అమల్లోకి వస్తుందో చెప్పే నోటిఫికేషన్ ఒకటి, ఎలా అమలు చేయాలో చెప్పే రూల్స్ ఒకటి. వీటికి ఏళ్లు పట్టిన సందర్భాలున్నాయి.

బిల్లు సభకు రాకముందు

స్థానిక కోటా బిల్లు విషయంలో జరిగింది ఇదే. మంత్రివర్గం సరేనంది, సభలో ప్రవేశపెట్టలేదు. సంబంధం మాట్లాడుకున్నారు గానీ తాంబూలాలు మార్చుకోలేదన్నమాట. జూలై 17న ఐటీ కంపెనీల సంఘం నాస్‌కామ్ అభ్యంతరం చెప్పింది. అదే రోజు ఆంధ్రప్రదేశ్ మంత్రి నారా లోకేశ్ ఆ కంపెనీలను విశాఖకు రమ్మని ఆహ్వానించారు. అదే రోజు కర్ణాటక ప్రభుత్వం బిల్లును తాత్కాలికంగా పక్కన పెట్టింది. నంబరు పడలేదు కాబట్టి ట్రాకర్‌లో చూపించడానికి ఏమీ లేదు. అధికారిక పాఠం బయటికి రాలేదు కాబట్టే శాతాలు ఒక్కో వార్తలో ఒక్కోలా వచ్చాయి. స్థానికుడంటే కర్ణాటకలో పుట్టి, 15 ఏళ్లుగా అక్కడే ఉంటూ, కన్నడ మాట్లాడటం, చదవడం, రాయడం వచ్చినవారన్న నిర్వచనం కూడా మీడియాకు చిక్కిన ముసాయిదా నుంచి వచ్చిందే.

(ఇలాంటి చట్టాన్ని 2019 జూలైలో తొలిసారి చేసిన రాష్ట్రం మన ఆంధ్రప్రదేశే. పరిశ్రమల్లో 75 శాతం స్థానికులకు అని. ఆ గ్రూపుల్లో ఈ సంగతి ఎవరూ ఎత్తినట్టు లేదు.)

ముసాయిదాలను ముందే బయటపెట్టాలన్న నియమం లేదా అంటే, కేంద్రానికి ఒక విధానం ఉంది. 2014లో కార్యదర్శుల కమిటీ తీసుకున్న నిర్ణయం ప్రకారం ప్రతి ముసాయిదా బిల్లునూ కనీసం 30 రోజులు ప్రజల ముందు ఉంచాలి. అయితే అది విధానమే, చట్టం కాదు. కుదరదనుకుంటే కారణం రాసుకుని ఆ శాఖ పక్కన పెట్టొచ్చు. రాష్ట్రాలకు అది వర్తించదు. కర్ణాటక గిగ్ వర్కర్ల ముసాయిదానే చూడండి. స్విగ్గీ, జొమాటో, ఓలా లాంటి ప్లాట్‌ఫారాలకు పనిచేసేవారి సామాజిక భద్రత గురించినది. 2024 జూన్ 29న బయటపెట్టి జూలై 9 లోపు అభిప్రాయాలు చెప్పమన్నారు. పది రోజులు. రోజంతా బండి మీద తిరిగే రాయలసీమ కుర్రాడికి ఆ పది రోజుల్లో సంగతి తెలియడమే కష్టం. సివిస్ లాంటి స్వచ్ఛంద వేదికలు ఈ ఖాళీ పూడ్చడానికే వచ్చాయి. అవి బిల్లుల్ని కాదు, ముసాయిదాలపై ప్రజాభిప్రాయ సేకరణల్ని ఒకచోట పెడతాయి.

ముసాయిదా ముందే బయటికి రావడం మంచిదేనా అన్నదాని మీద ఏకాభిప్రాయం లేదు. స్థానిక కోటా ఉదంతాన్నే రెండు వైపుల నుంచీ వాడుకుంటారు. విషయం ముందే తెలిసింది కాబట్టి చిక్కులున్న బిల్లు సభకు వెళ్లకుండా ఆగిందనేది ఒక వాదన. హరియాణా చేసిన ఇలాంటి చట్టాన్ని 2023 నవంబరులో అక్కడి హైకోర్టు కొట్టేసింది కదా అని వీళ్లు గుర్తుచేస్తారు. రెండో వాదన కన్నడ సంఘాలది: ముందే తెలిసినందువల్ల బలమున్నవాళ్లు మూడు రోజుల్లో అడ్డుపడ్డారు, ఉద్యోగం దొరకని స్థానికుడి గొంతు సభ దాకా పోనేలేదు, సభలో చర్చైనా జరిగి ఉండాల్సింది. నాకు కోటా మీద అభ్యంతరాలున్నాయి గానీ, సభలో చర్చ జరిగి ఉండాల్సిందన్న మాటలో న్యాయం ఉందనిపిస్తుంది. చర్చ జరిగి ఉంటే కనీసం అసలు శాతమెంతో రికార్డులో ఉండేది.

“ప్రవేశపెట్టారు” అన్నంత మాత్రాన

స్థానిక కోటా బిల్లుకు సరిగ్గా తిరగేసిన కేసు ఇది. 2025 డిసెంబరులో “ఆఫీసు టైము అయ్యాక బాస్ ఫోను ఎత్తక్కర్లేదు, లోక్‌సభలో బిల్లు” అని వచ్చింది. ఇది ట్రాకర్‌లో ఉంది, నంబరూ ఉంది. అయితే బిల్లు రకం అన్న గడిలో ప్రైవేటు మెంబరు బిల్లు అని ఉంటుంది. అంటే మంత్రి కాకుండా మామూలు ఎంపీ పెట్టినది. దీన్ని పెట్టిన ఎంపీ సుప్రియా సూలే ఇదే అంశంపై అంతకుముందు కూడా ఒక బిల్లు పెట్టారు.

స్వాతంత్ర్యం వచ్చాక పార్లమెంటులో చట్టాలైన ప్రైవేటు మెంబరు బిల్లులు మొత్తం 14. చివరిది 1970లో. ఎంపీలు వీటిని పెట్టేది ప్రభుత్వం దృష్టికీ, ప్రజల దృష్టికీ ఒక సమస్యను తేవడానికి, ఆ పని అవి బాగానే చేస్తాయి. అందుకే స్టేటస్‌లో “పెండింగ్” అని కనిపించినా, ప్రభుత్వ బిల్లు పక్కన ఉండే పెండింగూ దీని పక్కన ఉండే పెండింగూ ఒకటి కావు. చాలా ట్రాకర్లు ఈ తేడాను చిన్న అక్షరాల్లో వదిలేస్తాయి. పెద్ద అక్షరాల్లో పెట్టాల్సినది ఇదే.

ఒక బిల్లు వెంట మొదటి నుంచి చివరిదాకా

బెంగళూరులో ఉండేవాళ్లందరికీ తగిలిన గ్రేటర్ బెంగళూరు గవర్నెన్స్ బిల్లును తీసుకుందాం. బెంగళూరు నగరపాలక సంస్థ బీబీఎంపీని విడగొట్టి, పైన గ్రేటర్ బెంగళూరు అథారిటీని, కింద కార్పొరేషన్లను పెట్టే బిల్లు.

2024 జూలైలో శాసనసభలో ప్రవేశపెట్టారు. ప్రతిపక్షం పట్టుబట్టడంతో శివాజీనగర్ ఎమ్మెల్యే రిజ్వాన్ అర్షద్ అధ్యక్షతన ఉభయ సభల సంయుక్త కమిటీకి పంపారు. ఆ తర్వాత కొన్ని నెలలు పేజీలో కదలిక లేదు. బయటి నుంచి చూసేవారికి బిల్లు నిద్రపోయినట్టే. నిజానికి అసలు పని నడిచిన కాలం అదే. కమిటీ జనం అభిప్రాయాలు విని, మార్పులు సూచించి, 2025 ఫిబ్రవరిలో నివేదిక ఇచ్చింది. మార్చిలో రెండు సభలూ ఆమోదించాయి. వార్తల్లో “బీబీఎంపీ ఇక లేదు” అని వచ్చేసింది. గవర్నరు థావర్‌చంద్ గెహ్లోత్ మాత్రం వివరణలు కావాలంటూ వెనక్కి పంపారు. ప్రభుత్వం వివరణ ఇచ్చాక ఏప్రిల్‌లో సంతకం పెట్టారు. మే 15న చట్టం అమల్లోకి వచ్చింది. అయినా బీబీఎంపీ అలాగే ఉంది. సెప్టెంబరు 2న ఐదు కార్పొరేషన్లు ఏర్పడ్డాకే అది తెరమరుగైంది. మహదేవపుర, కె.ఆర్.పురం వైపు ఉండే మనవాళ్లు అప్పటి నుంచి ఈస్ట్ కార్పొరేషన్ కిందికి వచ్చారు.

“ఇంతకీ బీబీఎంపీ ఎప్పుడు పోయింది?” అంటే సభ ఆమోదం, సంతకం, అమలు తేదీ, కార్పొరేషన్ల ఏర్పాటు, నాలుగు జవాబులున్నాయి. మార్చి నుంచి సెప్టెంబరు దాకా ఆరు నెలల తేడా. ట్రాకర్ “పాస్డ్” అన్న చోట ఆగితే మొదటి జవాబే దొరుకుతుంది. ఇంకో తిరకాసు: చట్టం 2025లో వచ్చినా పేరులో మాత్రం 2024 అనే ఉంటుంది, బిల్లు పుట్టిన ఏడాది కాబట్టి. సైట్లలో సంవత్సరం పెట్టి వెతికేవాళ్లకు దొరక్కపోవడానికి ఇదొక కారణం.

ఇక కొందరు ఈ చట్టం పట్టణాల స్థానిక పాలనకు సంబంధించిన 74వ రాజ్యాంగ సవరణ స్ఫూర్తికి విరుద్ధమని, ముఖ్యమంత్రి అధ్యక్షతన అథారిటీ పెడితే నగరపాలన రాష్ట్ర ప్రభుత్వం చేతుల్లోకి పోతుందని అంటారు. ఇంత పెద్ద నగరాన్ని ఒక్క కార్పొరేషన్ మోయలేదని ప్రభుత్వం అంటుంది. ఆ వాదనలు తెలియాలంటే స్టేటస్ పేజీ చాలదు, కమిటీ నివేదిక చదవాలి.

కమిటీ దశ ముఖ్యమని చెప్పడం ఎందుకంటే అది తగ్గిపోతోంది. పార్లమెంటులో 15వ లోక్‌సభ కాలంలో 71 శాతం బిల్లులు కమిటీలకు వెళ్లాయి. 17వ లోక్‌సభలో అది 16 శాతం.

మురిగింది, వెనక్కి తీసుకున్నారు, రెండో నంబరు

ట్రాకర్‌లో “లాప్స్‌డ్” అంటే మురిగిపోయింది. లోక్‌సభ రద్దయితే అక్కడ పెండింగులో ఉన్న బిల్లులూ, అక్కడ ఆమోదం పొంది రాజ్యసభలో ఆగినవీ మురిగిపోతాయి. రాజ్యసభలోనే పుట్టి లోక్‌సభకు ఇంకా వెళ్లనివి బతికే ఉంటాయి. 2010లో రాజ్యసభ ఆమోదించిన మహిళా రిజర్వేషన్ బిల్లు లోక్‌సభకు చేరింది కాబట్టి 2014లో పోయింది. 2023లో వచ్చినది కొత్త బిల్లు. అది 128వ సవరణ బిల్లుగా ప్రవేశించి 106వ సవరణ చట్టంగా బయటికొచ్చింది. బిల్లు నంబరుకీ చట్టం నంబరుకీ పొత్తు ఉండదు.

“విత్‌డ్రాన్” అని కనిపిస్తే ప్రభుత్వం వెనక్కి తగ్గిందనుకోవడం సహజం. ఆదాయపు పన్ను బిల్లు చూడండి. 2025 ఫిబ్రవరి 13న ప్రవేశపెట్టారు, సెలెక్ట్ కమిటీ 285 సిఫారసులు చేసింది, ఆగస్టు 8న బిల్లును ఉపసంహరించుకున్నారు. ఆ రోజు స్టేటస్ మాత్రమే చూసినవారు కొత్త పన్ను చట్టం అటకెక్కిందనుకున్నారు. మూడు రోజులకే, ఆగస్టు 11న, మార్పులన్నీ కలిపి “నంబర్ 2” బిల్లుగా తెచ్చి అదే రోజు లోక్‌సభలో ఆమోదించారు. 21న రాష్ట్రపతి సంతకం అయింది. ట్రాకర్‌లో ఇవి రెండు వేర్వేరు పేజీలు. ఒకటి చచ్చిన పేజీ, ఒకటి బతికిన పేజీ, ఒకదాన్నుంచి ఇంకోదానికి దారి ఉండొచ్చు, ఉండకపోవచ్చు.

మూడు రోజుల్లో అయిపోతే?

2025 ఆగస్టు 20న ఆన్‌లైన్ గేమింగ్ బిల్లు లోక్‌సభలో ప్రవేశించింది, అదే రోజు పాసైంది. 21న రాజ్యసభ. 22న రాష్ట్రపతి ఆమోదం. డబ్బు పెట్టి ఆడే ఆటలన్నీ నిషేధం. బెంగళూరులో గేమింగ్ కంపెనీల్లో పనిచేసేవాళ్లు తక్కువేం లేరు. ఈమెయిల్ అలర్టు పెట్టుకున్నవాళ్లకు కూడా మూడో మెయిల్ వచ్చేసరికి కంపెనీ క్యాష్ గేములు ఆపేసింది. ఇలాంటి చోట ట్రాకర్ రికార్డుగా పనికొస్తుంది తప్ప ముందస్తు హెచ్చరికగా కాదు. ముందే తెలిస్తే కంపెనీలు కోర్టులకెక్కి జాప్యం చేసేవని, ఆలోగా ఇంకెన్ని కుటుంబాలు మునిగేవోనని వేగాన్ని సమర్థించేవాళ్లూ ఉన్నారు.

ఆర్డినెన్సులదీ ఇదే తీరు. సభ నడవనప్పుడు గవర్నరు జారీ చేస్తారు, సభ మళ్లీ కూర్చున్న ఆరు వారాల్లో బిల్లుగా మార్చకపోతే పోతుంది. పైన చెప్పిన గిగ్ వర్కర్ల వ్యవహారం 2025 మేలో ఆర్డినెన్సుగా వచ్చి, ఆగస్టులో బిల్లుగా సభలు దాటి, సెప్టెంబరులో చట్టంగా గెజిట్‌కెక్కింది. వర్కర్‌కు చెల్లించే మొత్తంపై 1 నుంచి 5 శాతం దాకా సంక్షేమ రుసుము మేలోనే ఖరారైంది. బిల్లుల జాబితా మాత్రమే చూసేవారికి ఆగస్టు దాకా ఆ సంగతి కనపడదు.

రాజ్‌భవన్ గేటు దాటాక

సభలు దాటిన బిల్లును గవర్నరు ఆమోదించవచ్చు, వెనక్కి పంపవచ్చు, రాష్ట్రపతికి పంపవచ్చు. ప్రభుత్వ కాంట్రాక్టుల్లో ముస్లింలకు 4 శాతం కోటా ఇచ్చే కర్ణాటక సవరణ బిల్లును 2025 ఏప్రిల్‌లో గవర్నరు రాష్ట్రపతి పరిశీలనకు పంపారు. ఆ దశలో ఉన్న బిల్లును ఏమనాలి? పాసైంది, చట్టం కాలేదు. ట్రాకర్‌లో ఒక మాట ఉంటుంది, తేదీ ఉండదు.

తేదీ ఉండాలా అన్నదే పెద్ద న్యాయ వివాదమైంది. తమిళనాడు కేసులో 2025 ఏప్రిల్ 8న సుప్రీంకోర్టు గవర్నర్లకు గడువులు పెట్టింది, ఆగిపోయిన పది బిల్లులు ఆమోదం పొందినట్టేనంది. రాష్ట్రపతి సలహా కోరాక అదే ఏడాది నవంబరు 20న ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం గడువులు పెట్టడం కుదరదని, “ఆమోదం పొందినట్టే” అనడం రాజ్యాంగంలో లేదని అభిప్రాయపడింది. కారణం చెప్పకుండా ఎక్కువ కాలం అట్టేపెట్టుకుంటే మాత్రం కోర్టు పరిమితంగా జోక్యం చేసుకోవచ్చంది. ఎన్నికైన సభ నిర్ణయం ఒకరి బల్ల మీద ఆగిపోకూడదని రాష్ట్రాలు, రాజ్యాంగం రాయని గడువును కోర్టు రాయకూడదని కేంద్రం వాదించాయి.

సంతకం తర్వాతి ఆలస్యానికి ఉదాహరణగా, పాత కార్మిక చట్టాలను కలిపి తెచ్చిన నాలుగు లేబర్ కోడ్‌లు చాలు. వేతనాల కోడ్‌కు 2019లో, మిగతా మూడింటికి 2020లో రాష్ట్రపతి ఆమోదం వచ్చింది. ట్రాకర్ ప్రకారం పని పూర్తి. అమల్లోకి వచ్చింది 2025 నవంబరు 21న. ఈ మధ్యలో “వచ్చే నెల నుంచి బేసిక్ 50 శాతం, చేతికొచ్చే జీతం తగ్గుతుంది” అన్న ఫార్వర్డు మళ్లీ మళ్లీ తిరిగింది. ఎవరైనా “చట్టం అయిందా?” అని చూస్తే అయిందనే ఉండేది. డేటా రక్షణ చట్టం కూడా అంతే. 2023 ఆగస్టులో సంతకం, రూల్స్ 2025 నవంబరులో.

ఎవరి ట్రాకర్‌ను నమ్మాలి

కేంద్ర బిల్లులకు రెండు చోట్లున్నాయి. ఒకటి పార్లమెంటు సొంత సైటు సన్సద్ డాట్ ఇన్. బిల్లు పాఠం, తేదీలు, స్టేటస్ అధికారికంగా అక్కడే. రెండోది 2005లో ఢిల్లీలో మొదలైన పీఆర్ఎస్ లెజిస్లేటివ్ రీసెర్చ్ అనే లాభాపేక్షలేని సంస్థది. బిల్లుతోపాటు కమిటీ నివేదిక, సారాంశం, ఏ క్లాజు మీద ఎలాంటి ప్రశ్నలున్నాయన్న విశ్లేషణ ఒకే పేజీలో పెడుతుంది. సమర్థించడం, వ్యతిరేకించడం చేయదు. ఎంపీల నుంచి జర్నలిస్టుల దాకా వాడేది ఎక్కువగా దీన్నే.

అధికారిక సైటు ఉండగా బయటివాళ్లెందుకు అనేవారి వాదన కొట్టేయాల్సినది కాదు. వంద పేజీల బిల్లును రెండు పేజీలు చేసేటప్పుడు ఏది ఉంచాలో, ఏది వదలాలో ఎవరో ఒకరు నిర్ణయిస్తారు, ఆ ఎంపికలోనే ఒక చూపు ఉంటుంది. దానికి జవాబు: ప్రభుత్వం బిల్లుకు రాసే లక్ష్యాల ప్రకటన కూడా ఎంపికే, అందులో ఇబ్బందుల గురించి ఎలాగూ ఉండదు. అమెరికాలో కాంగ్రెస్ లైబ్రరీ 1995 నుంచి అధికారిక సర్వీసు నడుపుతున్నా 2004లో గవ్‌ట్రాక్ అనే బయటి సైటు పుట్టింది. ఇప్పటికీ రెండూ నడుస్తున్నాయి.

రాష్ట్రానికొస్తే సీను మారిపోతుంది. కర్ణాటక బిల్లు ఒకటి పట్టుకోవాలంటే ప్రవేశపెట్టిన పాఠం శాసనసభ సైటులో, చట్టమయ్యాక పాఠం పార్లమెంటరీ వ్యవహారాలు, శాసనరచన శాఖ సైటులో, నోటిఫికేషన్ ఆన్‌లైన్ గెజిట్ అయిన ఈ-రాజ్యపత్రలో. కొన్ని స్కాన్ చేసిన పీడీఎఫ్‌లు. వాటిలో మాట పెట్టి వెతికితే ఏమీ దొరకదు, పేజీలు తిప్పుకుంటూ పోవాల్సిందే. మూడింటినీ కలిపి “ఇదిగో ఇక్కడుంది” అని చూపే గీత ఏదీ ఉండదు. అన్ని చట్టసభలనూ ఒకే వేదిక మీదికి తేవాలని కేంద్రం నేవా అనే అప్లికేషన్ తెచ్చింది. 2022లో నాగాలాండ్ దాన్ని మొదట పూర్తిగా అమలు చేసింది. సభల స్వతంత్రతకు ఉమ్మడి వేదిక అడ్డం కాదా అన్న ప్రశ్న ఒకవైపు, ఏ రాష్ట్రానికారాష్ట్రం విడివిడిగా సైటు కట్టుకుంటే మనలా ఒక రాష్ట్రంలో ఊరు, ఇంకో రాష్ట్రంలో ఉద్యోగం ఉన్నవాళ్ల గతేమిటన్న ప్రశ్న మరోవైపు.

ఈ మధ్య ఏఐ చాట్‌బాట్‌లకు బిల్లు పీడీఎఫ్ ఇచ్చి తెలుగులో సారాంశం అడిగేవాళ్లు పెరిగారు. ఇంగ్లీషు, కన్నడ పాఠాలే దొరికే చోట అది పెద్ద సాయమే. తేడా ఎక్కడొస్తుందంటే, చాలామంది చేతికి మొదట దొరికేది ప్రవేశపెట్టినప్పటి పాఠం. ఆదాయపు పన్ను విషయంలో ఫిబ్రవరి పీడీఎఫ్ ఇచ్చి అడిగితే జవాబు చక్కటి తెలుగులోనే వస్తుంది. కాకపోతే ఆగస్టు 8న వెనక్కి తీసుకున్న బిల్లు గురించి.